తిమింగలం పాట తీరులో ఒక ఎలక్ట్రోఅకూస్టిక్ రచన: వైజాగ్ శబ్దాలతో మొదటి నుంచి చివరి దాకా

తిమింగలాల మీద, ఒంటరితనం మీద సంగీతం చేద్దామని కూర్చున్నవాళ్లలో చాలామంది మొదట చేసే పని ఒకటే. నెట్‌లో ఒక తిమింగలం అరుపు దొరకబుచ్చుకుని, దాని కింద సింథసైజర్‌తో ఒక సాగే స్వరం పరిచి, పైన బోలెడంత రివెర్బ్, అంటే కృత్రిమ మారుమోత, పోసేస్తారు. మొదటి నిమిషం బాగానే ఉంటుంది, మూడో నిమిషానికి వినేవాళ్ల చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఎందుకంటే అక్కడ గొంతు ఉంది గానీ పాట లేదు. తిమింగలం దగ్గర మనం నేర్చుకోవాల్సినవి రెండు: పాటను కట్టే తీరు, పిలుపుకీ బదులుకీ మధ్య ఉండే దూరం. ఈ రెండూ పట్టుబడితే ముడిసరుకు ఏదైనా ఫర్వాలేదు. ఫిషింగ్ హార్బర్‌లో కిర్రుమనే తాడైనా సరే, మీ వంటింట్లో మోగే స్టీలు బేసిన్ అయినా సరే, వినేవాళ్లకు సముద్రం తెలుస్తుంది.

సంగీతం నేర్చుకోనివాళ్లు కూడా చేయగలిగే పని ఇది. రికార్డు చేసిన శబ్దాలను కంప్యూటర్లో మార్చి, పేర్చి, స్పీకర్లలో వినిపించడానికి చేసే రచనను ఎలక్ట్రోఅకూస్టిక్ అంటున్నాం, కొందరు దానికి తోడు ఎదురుగా కూర్చుని ఒక వాద్యం కూడా వాయిస్తారు. 1948లో పారిస్ రేడియోలో పియర్ షెఫర్ రైళ్ల చప్పుళ్లను రికార్డు చేసి, కోసి, తిప్పి తిప్పి వాయించి అదే సంగీతం అన్నాడు, ఈ దారి అక్కడే మొదలైంది. ఆయనకు రేడియో స్టూడియో అంతా కావాల్సి వచ్చింది. మీకు ఒక ఫోన్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్, ఓ మాదిరి ల్యాప్‌టాప్, అందులో శబ్దాలను కోసి మార్చడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. చేతి రికార్డర్, మైకును కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే మంచిదే, లేకపోతే ఎవరి దగ్గరైనా ఒక రోజుకు అడిగి తెచ్చుకోండి.

1. పాటను కంటితో చూడండి

బెర్ముడా దగ్గర అమెరికా నేవీ కోసం పనిచేసిన ఫ్రాంక్ వాట్లింగ్‌టన్ అనే ఇంజినీరు నీటి అడుగు మైకులతో హంప్‌బ్యాక్ తిమింగలాలను రికార్డు చేశాడు. ఆ టేపులు జీవశాస్త్రవేత్త రోజర్ పేన్ చేతికి వచ్చాయి. పేన్, స్కాట్ మెక్‌వే కలిసి 1971లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం, ఇవి ఊరికే అరుపులు కావనీ, వరుస తప్పకుండా తిరిగొచ్చే పాటలనీ చూపించింది. శబ్దాన్ని బొమ్మగా మార్చే స్పెక్ట్రోగ్రామ్ అచ్చుల్లో ఆ వరుస స్పష్టంగా కనబడుతుంది. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియం పరిశోధన సంస్థ 2015 నుంచి సుమారు 900 మీటర్ల లోతులో ఒక హైడ్రోఫోన్ (నీటి అడుగు మైకు) నడుపుతోంది, దాని రికార్డింగులు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అమెరికా ప్రభుత్వపు సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) దగ్గర కూడా చాలా నమూనాలు దొరుకుతాయి. ఒక హంప్‌బ్యాక్ పాట తెచ్చుకుని ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ వ్యూలో పెట్టి, పై హద్దును 2000 హెర్ట్జ్‌కి (హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం) దించండి. ఇప్పుడు తెల్ల కాగితం, పెన్సిల్ తీసుకుని కనబడిన గీతలను కనబడినట్టే గీయండి. పైకి లేచే గీత, కిందికి జారే గీత, మందంగా బరబరమనే పట్టీ, చుక్కల వరుస. ఓ పది నిమిషాల పాట గీసేసరికి ఒక సంగతి అర్థమవుతుంది, మళ్లీ మళ్లీ అవే ఆకారాలు వస్తున్నాయని.

శాస్త్రవేత్తలు దీన్ని మెట్లుగా విడదీస్తారు. ఒక్కో ముక్క యూనిట్, కొన్ని యూనిట్లు కలిస్తే ఫ్రేజ్, అదే ఫ్రేజ్ కొద్దికొద్దిగా మారుతూ పలుమార్లు వస్తే థీమ్, కొన్ని థీమ్‌లు వరుసగా వస్తే పాట. ఒక పాట సాధారణంగా పది నుంచి ఇరవై నిమిషాలు నడుస్తుంది, అది అయ్యాక మళ్లీ మొదటికి, అలా గంటల తరబడి. పాడేవి మగవి. ఒక ప్రాంతంలోని మగవన్నీ దాదాపు ఒకే పాట పాడతాయి, ఆ పాట కాలం గడిచేకొద్దీ అన్నింటిలోనూ కలిసికట్టుగా మారిపోతూ ఉంటుంది.

మన చెవికి ఇది కొత్తేమీ కాదు. త్యాగరాజ కీర్తన పల్లవిలో ఒకే పంక్తి మీద సంగతులు ఎలా పెరుగుతాయో గుర్తు తెచ్చుకోండి. మొదటి సంగతి నేరుగా ఉంటుంది, రెండోదానిలో చివర ఒక చిన్న మలుపు, మూడోదానిలో ఆ మలుపు అలాగే ఉండి మధ్యలో ఇంకోటి. పంక్తి మారలేదు, కానీ మనం ఎక్కడికో వెళ్లిపోయాం. తిమింగలం థీమ్ నడక కూడా ఈ దారిలోదే, కాకపోతే చాలా నిదానం. సంగతుల మీద చెవి ఉన్నవాళ్లకు ఈ పని సగం వచ్చేసినట్టే అని నా గట్టి నమ్మకం.

నీలి తిమింగలాన్ని వినాలంటే ఇంకో చిట్కా కావాలి. వాటి పిలుపులు ఎక్కువగా 10 నుంచి 40 హెర్ట్జ్ మధ్య ఉంటాయి, మామూలు స్పీకర్లో ఏమీ వినబడదు. వేగాన్ని పది రెట్లు పెంచి వినండి.

2. ఏ ఒంటరితనం అన్నది ముందే తేల్చుకోండి

ఇది తేలకుండా రికార్డింగుకి బయలుదేరితే శబ్దాలు కుప్పలుగా వస్తాయి, రచన మాత్రం రాదు. నేను ఇద్దామనుకుంటున్నవి రెండు దారులు, రెండూ నిజంగా ఉన్న తిమింగలాల నుంచి వచ్చినవి.

మొదటిది 52 హెర్ట్జ్ తిమింగలం. 1989లో ఉత్తర పసిఫిక్‌లో అమెరికా నేవీ హైడ్రోఫోన్లకు ఒక వింత పిలుపు చిక్కింది. ఫిన్ తిమింగలం 20 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఇదేమో 52 దగ్గర, అలా పలికేది అదొక్కటే. వుడ్స్ హోల్ సంస్థకు చెందిన విలియం వాట్కిన్స్ బృందం దాన్ని ఏళ్ల తరబడి వెంబడించింది, ఆ వ్యాసం 2004లో అచ్చయింది. లోకంలో అతి ఒంటరి తిమింగలం అని దానికి పేరు పడింది గానీ, 52 హెర్ట్జ్ అంటే మిగతా తిమింగలాల చెవికి అందని స్వరమేమీ కాదు. ఒంటరితనం అన్న మాట మనం పెట్టింది. మీ రచనలో కూడా ఆ ఏడుపు మీరు కలపొద్దు, ఒక్క గొంతును ఒక్కటిగా వదిలేయండి, మిగతాది వినేవాళ్లే కలుపుకుంటారు.

ఈ హైడ్రోఫోన్ల వల అసలు వేసింది సోవియట్ జలాంతర్గాముల చప్పుడు వినడానికి. ఆ కాలపు సోవియట్ తయారీ జలాంతర్గామి ఒకటి మన ఆర్కే బీచ్ ఒడ్డునే ఉంది కదా, కుర్సురా. 1969లో మన నేవీలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియం అయింది. ఈ రచన మొదలుపెట్టే ముందు ఒకసారి టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లి, జనం కాస్త పలచగా ఉన్నప్పుడు సోనార్ ఉన్న చోట నిలబడండి. బయట ఏముందో కంటికి కనబడకుండా, చెవి మీదే బతకడం అంటే ఏమిటో ఆ ఇరుకులో ఒంటికి తెలుస్తుంది.

రెండో దారి అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్‌లు. మిగతా హంప్‌బ్యాక్‌లు వేల కిలోమీటర్లు వలసపోతాయి, ఇవి పోవు, ఏడాది పొడుగునా అక్కడే. జన్యు పరిశోధనల లెక్క ప్రకారం సుమారు 70,000 ఏళ్లుగా మిగతా వాటితో కలవకుండా ఉండిపోయాయి. ఒమన్ తీరంలో అంచనా వందకు లోపే. ఇక్కడ ఒంటరిగా ఉన్నది ఒక మంద. దాన్ని ఎంచుకుంటే మూడు నాలుగు గొంతులు ఒకదానికొకటి బదులిచ్చుకుంటూ ఉంటాయి, బయటి నుంచి మాత్రం ఎప్పుడూ ఏ బదులూ రాదు. మొదటిసారి చేసేవాళ్లకు ఒక్క గొంతు దారే తేలిక. కింద చెప్పేదంతా దానికోసమే, మందకు కావాలంటే మీరు పెంచుకోవచ్చు.

3. వైజాగ్‌లో ఏం రికార్డు చేయాలి, ఎప్పుడు

ముందే చెప్పేస్తాను, మన ఒడ్డున మైకు ముంచితే తిమింగలం వినబడదు. మనకు కావాల్సింది లాగుడు, రాపిడి, ఊపిరి ఉన్న శబ్దాలు. కట్టేసిన బోట్లు అలకు కదిలినప్పుడు తాళ్లు పెట్టే శబ్దం దీనికి బంగారం. ఫిషింగ్ హార్బర్‌లో జెట్టీ పక్కన బోట్లు వరసగా ఆనుకుని ఉంటాయి, టైర్లు చెక్కకు రాసుకుని మూలుగుతాయి, ఆ మూలుగును రెండు స్థాయిలు (ఆక్టేవ్‌లు) కిందికి దించితే మీరే ఉలిక్కిపడతారు. బోటు మీద ఎవరైనా ఉంటే ముందు అడగండి. "బాబాయ్, తాడు చప్పుడు కొంచెం రికార్డు చేసుకుంటాను" అంటే చాలా వరకు కాదనరు, ఎందుకని మాత్రం అడుగుతారు, తీరిగ్గా చెప్పండి, హెడ్‌ఫోన్ ఇచ్చి వాళ్లకూ వినిపించండి.

తెన్నేటి పార్కు కింద రాళ్ల సందుల్లోకి నీరు దూరి వెనక్కి పీల్చుకున్నప్పుడు వచ్చే గాలి శబ్దం ఊపిరికి పనికొస్తుంది. యారాడలో అలల మధ్య విరామం బాగా దొరుకుతుంది. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట నీళ్లు చిన్న గొంతుతో మాట్లాడతాయి. దూరపు ఓడ హారన్ అయితే నగరంలో ఎక్కడి డాబా మీదికైనా వస్తుంది, చలికాలం తెల్లవారుజామున ఇంకా బాగా, ఆ సమయంలో ఫోన్ దగ్గర పెట్టుకోండి.

కాలం సంగతి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, ఇంజిన్ చప్పుడు బాగా తగ్గుతుంది. తాళ్ల రికార్డింగుకి ఏడాదిలో ఇంతకన్నా మంచి రోజులు లేవు. వానాకాలం గాలికి మైకు బతకదు.

పద్ధతి ఇలా పెట్టుకోండి. ఫోన్లో వేవ్ ఫైలుగా రికార్డు చేసే యాప్ వాడండి, శబ్దాన్ని దానంతటదే పెంచి తగ్గించే ఆటో గెయిన్ ఆపేయండి. వీలైతే శాంప్లింగ్ రేటు 96 కిలోహెర్ట్జ్ పెట్టి తీయండి, ఎందుకో ఆరో అడుగులో తెలుస్తుంది. గాలికి పలుచటి స్పాంజి, దాని మీద నూలు కండువా మడత. ప్రతి రికార్డింగు మొదట్లో చోటు, తేదీ నోటితో చెప్పండి. ప్రతి చోటా ఒక రెండు నిమిషాలు ఏమీ చేయకుండా, కదలకుండా అక్కడి ఖాళీని రికార్డు చేయండి. దీన్ని అందరూ ఎగ్గొడతారు, ఎడిటింగులో అందరికీ కావాల్సి వచ్చేది అదే.

రెండు జాగ్రత్తలు. నేవీ ప్రాంతాలు, పోర్టు గోడలు, డాల్ఫిన్స్ నోస్ వైపు నిషేధం ఉన్న చోట్ల పరికరాలు బయటకు తీయొద్దు, నీటిలోకి వైర్లు అసలే వదలొద్దు, మీరు సంగీతం కోసం వచ్చారని గార్డుకు ఎలా తెలుస్తుంది. ఇక ఆర్కే బీచ్, రుషికొండల్లో లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాలు తీస్తాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే వెనక నుంచి వచ్చే అల వినబడదు. మోకాలి లోతు కూడా వద్దు, పక్కన ఒక మనిషి ఉండాలి.

4. హైడ్రోఫోన్ మీరే చేసుకోండి

ఎలక్ట్రానిక్ స్పేర్ పార్టుల షాపులో పీజో బజర్ బిళ్ళ అని అడగండి, 27 మిల్లీమీటర్లది. ఖరీదు పెద్దగా ఉండదు, రెండు మూడు తెచ్చుకోండి. షీల్డు ఉన్న మైక్ కేబుల్ ఐదారు మీటర్లు కావాలి. లోపలి తీగను బిళ్ళ మధ్యనున్న తెల్లటి భాగానికి, చుట్టూ ఉన్న షీల్డును ఇత్తడి అంచుకు సోల్డర్ చేయండి. మధ్య భాగం మీద సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు పెడితే పైపూత లేచిపోతుంది, తాకించి తీసేయాలి. తర్వాత ఆరల్డైట్ కలిపి బిళ్ళకు రెండు వైపులా, కేబుల్ మొదలు దాకా పలుచగా పట్టించి, ఒక రోజు వదిలేయండి. గాలి బుడగలు ఉండకూడదు. ఆరాక బకెట్ నీళ్లలో ఓ గంట ముంచి ఉంచి, బరబర రాకపోతే లీకు లేనట్టే.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ బిళ్ళను నేరుగా రికార్డర్ మైకు సాకెట్‌కి పెడితే శబ్దం పీలగా, బేస్ లేకుండా వస్తుంది, బిళ్ళ బాగోలేదేమో అని పారేస్తారు. బిళ్ళలో తప్పేమీ లేదు. అది దాదాపు 20 నానోఫ్యారడ్‌ల కెపాసిటర్. మైకు ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు అది ఇచ్చే అడ్డు) 10 కిలో ఓములు అనుకుంటే, ఆ రెండూ కలిసి సుమారు 800 హెర్ట్జ్ కిందనున్నదంతా కోసేస్తాయి, అంటే సముద్రం మొత్తం పోయినట్టే. గిటార్ పెట్టుకునే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కి 1 మెగా ఓము దాకా ఉంటుంది, అప్పుడు ఆ హద్దు 8 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో హై-జెడ్ అని రాసి ఉన్న సాకెట్ అదే. ఈ ఒక్క మార్పుతో తేడా మీ చెవికే తెలుస్తుంది.

బోటు పక్కనుంచి, అనుమతి తీసుకుని, చిన్న రాయి కట్టి దించండి. వెచ్చటి తీరపు నీళ్లలో మొట్టమొదట వినబడేది చిటపట, నూనెలో పోపు గింజలు వేసినట్టు, ఆగకుండా. అది కేబుల్ లోపం అనుకుని లాగేయకండి, చప్పుడు చేసే చిన్న రొయ్యలవి. వాటి వెనక దూరంగా ఓడ ఇంజిన్ గుండ్రంగా మోగుతూ ఉంటుంది. తీరానికి దగ్గర్లో బతికే డాల్ఫిన్లకైనా, లోపల తిరిగే తిమింగలాలకైనా ఓడల దారుల్లో ఇదే నేపథ్యం. ఈ ఇంజిన్ మోత తిమింగలాలు వాడే కింది స్వరాల మీదే పడుతుంది, అందుకే వాటికి ఒకదాని మాట ఒకటి వినడం కష్టమవుతోంది. ఆ మోతను రచనలోంచి శుభ్రం చేసేయకండి, దాని అవసరం ఉంది.

5. గొంతు ఇంట్లోనే ఉంది

పలుచటి అడుగు ఉన్న వెడల్పాటి స్టీలు బేసిన్ తీసుకోండి. రెండు వేళ్ల లోతు నీళ్లు పోయండి. అడుగును మూడు వేళ్ల కొనల మీద నిలబెట్టి, అరచెయ్యి తగలకుండా చూసుకుని, గుడ్డ చుట్టిన చెక్క గరిటెతో అంచుకు కాస్త కింద తట్టండి. మోగుతుండగానే బేసిన్‌ను మెల్లగా ఒక పక్కకు వంచండి. నీరు జరిగేకొద్దీ స్వరం జారుతుంది, కొంచెం వణుకుతుంది, నిలబెట్టేసరికి మళ్లీ తన చోటికి ఎక్కుతుంది. నీటి బరువు లోహం మీద ఒకచోటు నుంచి ఇంకోచోటికి మారడం వల్ల వచ్చే గమకం అది. మీ మణికట్టు ఎంత నిదానంగా తిరిగితే అంత పొడుగు గమకం. ఫోన్ జానెడు దూరంలో పెట్టి, ఫ్యాను ఆపి, ఫ్రిజ్ స్విచ్ కూడా తీసి, వంపులో రకరకాలుగా తీయండి: వేగంగా వంచి ఆపడం, ముందే వంచి ఉంచి తట్టి, తర్వాత నిలబెట్టడం, రెండుసార్లు తట్టడం.

ఎవరైనా వయొలిన్ నేర్చుకునేవాళ్లు తెలిసుంటే పాత కమాను ఒకటి అడగండి. దానికి రోజిన్ (కమానుకు పూసే గుగ్గిలం లాంటిది) పట్టించి బేసిన్ అంచు మీద లాగితే తట్టినప్పటి దెబ్బ ఉండదు, స్వరం శూన్యంలోంచి పుడుతుంది. పక్కనే విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ వారసత్వం ఉన్న ప్రాంతం మనది, పాత కమాను దొరకడం కష్టం కాదు. కిర్రుమనే గేటు బందులు, గాలి నింపిన బెలూన్ మీద తడి వేలు, శంఖం, ఇవి కూడా తీసిపెట్టుకోండి.

6. యూనిట్లు తయారు చేయడం

ఆడాసిటీలో వేగాన్ని సగానికి తగ్గిస్తే శబ్దం ఒక స్థాయి కిందికి దిగి, రెండింతల పొడుగు అవుతుంది. నాలుగో వంతు చేస్తే రెండు స్థాయిలు, నాలుగింతలు. 800 హెర్ట్జ్ బేసిన్ స్వరం 200 అవుతుంది, అర సెకను గమకం రెండు సెకన్ల పిలుపు అవుతుంది. ఇక్కడే 96 కిలోహెర్ట్జ్ విలువ తెలుస్తుంది. 48లో తీసిన శబ్దంలో 24 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు, నాలుగో వంతుకు దించితే 6 దగ్గరే ఆగిపోయి దుప్పటి కప్పినట్టు ఉంటుంది. 96లో తీస్తే, మైకు సహకరిస్తే, 12 దాకా గాలి మిగులుతుంది.

పిచ్ ఒకటే మార్చి పొడుగు అలాగే ఉంచే ఎఫెక్టు కూడా ఉంది, కానీ దాన్ని నేను వాడను. వేగం తగ్గినప్పుడు వచ్చే బరువు అందులో రాదు. పాల్‌స్ట్రెచ్ అనే ఎఫెక్టు మాత్రం నేపథ్యానికి వాడొచ్చు, భీమిలి నీళ్లను ఇరవై రెట్లు సాగదీస్తే కదలని పొగమంచు ఒకటి తయారవుతుంది. దాన్ని పిలుపుల మీద వాడితే ఆకారం చెదిరిపోతుంది.

మొత్తం మీద ఆరేడు యూనిట్లకు మించి ఉంచుకోకండి. ఒక పైకెక్కే పిలుపు, ఒక దిగే పిలుపు, ఒక బరబర, ఒక చిన్న చుక్కల గుంపు, ఒక ఊపిరి, ఒక చాలా లోతు స్వరం. మీరు మొదట్లో గీసిన పెన్సిల్ బొమ్మ పక్కన పెట్టుకుని, మీ యూనిట్ల స్పెక్ట్రోగ్రామ్‌తో పోల్చండి. ఆకారం దగ్గరగా ఉండాలి, రంగు వేరుగా ఉండాలి. రంగు కూడా అదే అయిపోతే అనుకరణ అవుతుంది.

7. ఫ్రేజ్, థీమ్

మూడు యూనిట్లతో ఒక ఫ్రేజ్ కట్టండి, పదిహేను సెకన్లు ఉంటే చాలు. దాన్ని ఎనిమిదిసార్లు వరసగా పెట్టండి. ఇప్పుడు సంగతులు. రెండోసారి చివరి యూనిట్‌ను కాస్త పొడిగించండి. నాలుగోసారి మధ్య యూనిట్ బదులు ఊపిరి పెట్టండి. ఆరోసారి నుంచి తర్వాతి థీమ్‌లోని ఒక యూనిట్ లోపలికి తొంగి చూడాలి. హంప్‌బ్యాక్ పాటల్లో ఒక థీమ్ నుంచి ఇంకోదానికి దాటేటప్పుడు ఇలా రెండింటి ముక్కలూ కలిసిన ఫ్రేజ్‌లు వస్తుంటాయి. ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు, వినేవాళ్లు ఏది మారిందో పట్టుకోలేకపోతే మారిన ఫలితం ఉండదు. మూడు థీమ్‌లు చాలు, తర్వాతి అడుగులో చెప్పే ఖాళీలు కూడా కలిస్తే పది పన్నెండు నిమిషాలు వచ్చేస్తుంది.

బోర్ కొడుతుందేమో అన్న టెన్షన్ ఇక్కడ అందరికీ మొదలవుతుంది. నాలుగో ఆవృత్తి దగ్గర చెయ్యి దురద పెడుతుంది, ఏదో ఒకటి కలపాలని. కలపకండి. ఆరో ఆవృత్తికి వినేవాళ్ల చెవి సర్దుకుని, సన్నటి తేడాలను తానే వెతుక్కుంటుంది.

8. దూరాన్ని లెక్క కట్టండి

నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో 340. ఫిషింగ్ హార్బర్ నుంచి భీమిలికి 24 కిలోమీటర్లు అనుకుందాం. సముద్రం లోతుగా, అడ్డం లేకుండా ఉందనుకుంటే ఇక్కడ పిలిస్తే అక్కడికి 16 సెకన్లు, వెంటనే బదులిస్తే ఇక్కడికి చేరేసరికి 32. ఈ లెక్కను రచనలో నేరుగా వాడండి. పిలుపు అయిన తర్వాత 32 సెకన్లు ఏ గొంతూ ఉండకూడదు, ఆ చోటి ఖాళీ మాత్రమే నడవాలి, మూడో అడుగులో రికార్డు చేసుకున్నదే. మొదటి రెండుసార్లు 32వ సెకను దగ్గర ఒక సన్నటి బదులు రానివ్వండి. మూడోసారి నుంచి ఆ క్షణం వస్తుంది, బదులు రాదు. వినేవాళ్లకు లెక్క తెలియకపోయినా ఒళ్లు ఎదురుచూస్తుంది. ఒంటరితనం వినబడే చోటు ఇదే, దీనికి రివెర్బ్ ఏమీ చేయలేదు.

దూరపు గొంతు తయారీకి మూడు మెట్లు పెట్టుకోండి. దగ్గరది ఉన్నది ఉన్నట్టు. మధ్యది 12 డెసిబెల్స్ తగ్గించి, పై స్వరాలను కోసేసే లో-పాస్ ఫిల్టర్ 2500 హెర్ట్జ్ దగ్గర. దూరానిది 24 తగ్గించి, ఫిల్టర్ 600 దగ్గర, ఎందుకంటే నీరు పై స్వరాలను ముందు మింగేస్తుంది. సముద్రంలో హాలు గోడలు లేవు. ఒకే పిలుపు పైనున్న నీటి అంచుకు, అడుగు నేలకు తగిలి వేర్వేరు దారుల్లో చేరుతుంది. కాబట్టి చర్చి రివెర్బ్ తీసేసి, అదే పిలుపు నకళ్లు మూడు, 70, 180, 400 మిల్లీసెకన్లు వెనక, ఒకదానికన్నా ఒకటి మసకగా పెట్టి చూడండి.

నిజమైన మారుమోత కావాలంటే అపార్టుమెంటు ఖాళీ సంపు ఉంది. కడగడానికి ఖాళీ చేసిన రోజు వాచ్‌మన్‌ని అడిగి, తాడు కట్టిన బ్లూటూత్ స్పీకర్‌ను, రికార్డింగులో ఉన్న ఫోన్‌ను లోపలికి దించి మీ యూనిట్లను వాయించండి. మనిషి మాత్రం లోపలికి దిగకూడదు, మూసి ఉన్న సంపుల్లో గాలి ఊపిరి తీసుకునేలా ఉండదు.

9. 50కీ 52కీ మధ్య

నాకు ఈ రచనలో అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్త్ సరిగా లేని ఆంప్లిఫయర్లో వచ్చే హమ్ అదే. నగరం మొత్తం రాత్రీ పగలూ ఆ స్వరంలోనో, దాని రెట్టింపులోనో మూలుగుతూ ఉంటుంది, హుద్‌హుద్ తుఫాను తర్వాత 2014 అక్టోబరులో కరెంటు లేని రాత్రుల్లో తప్ప ఆ మూలుగు ఆగింది మనలో చాలామంది వినలేదు. ఆ తిమింగలం 52 దగ్గర పలికింది. రెండూ కలిపి మోగిస్తే సెకనుకు రెండుసార్లు శబ్దం ఉబ్బి తగ్గుతుంది.

ఆడాసిటీ జెనరేట్ మెనూలో టోన్ తీసుకుని 50 హెర్ట్జ్ సైన్ తరంగం రచన పొడుగునా పరవండి, చాలా సన్నగా. ఇంకో ట్రాకులో చిర్ప్ (జారే స్వరం) తీసుకుని మొదలు 52, చివర 50 ఇవ్వండి. ఆ తిమింగలం స్వరం కూడా ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం కిందికి దిగిందని వాట్కిన్స్ బృందం గమనించింది. మొదట్లో సెకనుకు రెండుగా ఉన్న ఉబ్బు క్రమంగా నిదానమై, చివరికి రెండు స్వరాలూ ఒకటైపోతాయి. చివర ఆ ఒకటైన స్వరం ఊరిదా తిమింగలానిదా అన్నది చెప్పలేం.

ఫోన్ స్పీకర్లో, చిన్న బ్లూటూత్ డబ్బాలో ఇది వినబడదు. అందుకని ఆ రెండింటికీ పైన 100, 104 నుంచి 100కి, 150, 156 నుంచి 150కి జారే జతలు ఇంకా సన్నగా కలపండి. కింది స్వరం స్పీకర్లో లేకపోయినా, పై రెట్లు వింటే మన చెవి దాన్ని ఊహించుకుంటుంది. హెడ్‌ఫోన్లో మాత్రం వాల్యూమ్ అడుగు నుంచి మొదలుపెట్టి పెంచండి, లోతు స్వరాలు పెద్దగా ఉన్నాయని తెలియకముందే చెవిని కష్టపెడతాయి.

10. మిక్సు, వినిపించడం

పెద్ద పిలుపు మైనస్ 3 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకుని మిగతాదంతా దానికి కింద సర్దండి. పెద్ద, చిన్న శబ్దాల తేడాను తగ్గించే కంప్రెసర్ వేయొద్దు, అది దూరాన్ని దగ్గరికి లాక్కొచ్చేస్తుంది. ఓడ ఇంజిన్ మోతను రెండో థీమ్ మధ్యలో తీసుకొచ్చి ఒక పిలుపును పూర్తిగా ముంచేయండి, ఒక్కసారి చాలు. 24 బిట్ వేవ్‌గా దాచుకోండి, పంపడానికి నాణ్యత తగ్గకుండా చిన్నదయ్యే ఫ్లాక్ ఫైలు.

వినిపించేటప్పుడు నలుగురైదుగురు చాలు, ఒక గది, ఫ్యాన్లు ఆపి, స్పీకర్లు రెండూ గది చెరో మూలన, మనుషులకు దూరంగా. రచన పొడుగెంతో ముందే చెప్పండి, లేకపోతే 32 సెకన్ల ఖాళీలో పాట అయిపోయిందనుకుని లేస్తారు. తిమింగలం కథ మాత్రం ముందు చెప్పొద్దు. విన్నాక వాళ్లను ఒకటే అడగండి, ఏ చోట బదులు కోసం ఎదురుచూశారు అని. వాళ్లు చెప్పిన చోటును మీ టైమ్‌లైన్ మీద గుర్తు పెట్టుకోండి. ఎవరూ ఎదురుచూడలేదంటే మొదటి రెండు బదులులూ మరీ సన్నగా ఉన్నట్టు, వాటిని ఒక 4 డెసిబెల్స్ పెంచి వేరేవాళ్లకు వినిపించండి.

తర్వాతి వెర్షన్‌కి అన్నీ పీకి మొదటి నుంచి చేయకండి. ఒక్క థీమ్ మార్చండి, మిగతా రెండూ అలాగే ఉంచి, ఫైలుకు నెల, ఏడాది పేరుగా పెట్టండి. వచ్చే ఏప్రిల్‌లో బోట్లు మళ్లీ కట్టేసినప్పుడు కొత్త తాళ్ల శబ్దం తెచ్చి ఇంకో థీమ్ మార్చుకోవచ్చు.